నొక్కిన వేలు

పెంచల్‌కి ఒక్కటే జబ్బు. ఆగలేడు.

పనితనానికేం తక్కువ లేదు. ఆవగింజంత స్క్రూని కళ్లు మూసుకుని బిగించగలడు. పగిలిన అద్దం మార్చడం, పోయిన స్పీకర్ వెయ్యడం, విరిగిన చార్జింగ్ పిన్ను అతకడం, అన్నీ రెండేళ్లలో పట్టేశాడు. కానీ తడిసిన ఫోను చేతికొచ్చిందంటే చాలు, బొటనవేలు దానంతటదే పక్కనున్న ఆన్ చేసే మీట మీదికి పోయేది.

బతికుందా? చచ్చిందా? ఒక్కసారి చూస్తే ఏం పోతుంది?

నెల్లూరులో దర్గాకి పోయే రోడ్డు మీద దస్తగిరి సాయిబు కొట్టు ఉంది. దానికి బోర్డు లేదు. ఆయన మొదట రేడియోలు బాగుచేశాడు, తర్వాత టేప్‌రికార్డర్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లు. గడ్డం తెల్లబడింది గానీ చెయ్యి వణకదు. ఊళ్లో అందరికీ ఆయన ఉస్తాదే.

"తడిసిన ఫోను నిద్రపోయే పసిబిడ్డరా" అనేవాడు ఉస్తాద్. "లేచిందా లేదా అని గిల్లి చూడొద్దు."

పెంచల్ తలూపేవాడు. తలూపుతూనే నొక్కేవాడు.

ఎవరైనా ఫోన్ని బియ్యం సంచిలో పూడ్చి తెస్తే మాత్రం గురుశిష్యులిద్దరూ ఒకటే నవ్వు. "బియ్యంలో పెడితే ఫోను ఉడకదమ్మా. ఈ బియ్యం తీసకపోయి వండుకో, ఫోను ఇచ్చిపో" అనేవాడు ఉస్తాద్.

ఆ ఏడు రొట్టెల పండగ వచ్చింది.

ఆ పండగ చూడాలంటే రెండు కళ్లు చాలవు. దర్గా పక్కన చెరువు. ఆ చెరువులో నడుంలోతు నీళ్లలో వేలమంది. తలమీద తడి కొంగులు, తడి తువ్వాళ్లు, చేతుల్లో రొట్టెలు. కిందటేడు కోరుకున్నది తీరినోళ్లు రొట్టె ఇస్తారు, ఈ ఏడు కోరిక ఉన్నోళ్లు పుచ్చుకుంటారు. "ఉద్యోగం రొట్టె! పెళ్లి రొట్టె! సొంతిల్లు రొట్టె!" అని ఒకటే అరుపులు. తీసుకున్న రొట్టె తినాలి. కోరిక తీరితే వచ్చేయేడు అదే నీళ్లలో నిలబడి ఇంకొకరికి ఇవ్వాలి. ముక్కూ మొహం తెలియని మనిషి కోరిక ఇంకో మనిషి చేతిలోంచి రావడమంటే పెంచల్‌కి ఎంత ఇష్టమో! చిన్నప్పట్నించీ చూస్తున్నా ప్రతి ఏడూ వాడి ఒళ్లు జలదరిస్తుంది.

అయితే ఒక చేత్తో రొట్టె, ఇంకో చేత్తో సెల్ఫీ. వంగినప్పుడల్లా ఎవరి జేబులోంచో ఒకటి బుడుంగుమని మునుగుతుంది. ఆ ఐదు రోజులూ ఉస్తాద్ కొట్టు ముందు తడి బట్టలతో జనం బారులు తీరతారు.

మొదటి రెండ్రోజుల్లో పెంచల్ పదకొండు ఫోన్లు లేపాడు. నొక్కాడు, వెలిగాయి. అదృష్టమో ఏమో, పదకొండుకి పదకొండూ వెలిగాయి. ఎదురుగా ఉన్న టీ కొట్టు సుధాకరన్న "చిన్న ఉస్తాద్" అని పిలవడం మొదలుపెట్టాడు. పెంచల్ నడకే మారిపోయింది. కాలరు ఎగరేసుకుని స్క్రూడ్రైవర్ని చెవి మీద పెట్టుకుని తిరిగాడు.

దానికి తోడు ఆ గురువారం పొద్దున వాడి ఫోనుకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సుభాషిణి పంపింది. వీధి చివర జిరాక్స్ కొట్లో పనిచేసే పిల్ల. "నేనంటే నీకిష్టమేనా?" అని ముందురోజు వీడు అడిగిన ముక్కకి జవాబది. ముప్పై నాలుగు సెకండ్లు.

వినలేదు. అన్నిటి దగ్గరా ఆగలేనివాడు ఆ ఒక్కదాని దగ్గర ఆగాడు. భయమో మురిపెమో వాడికే తెలీదు. సాయంత్రం పెన్న ఒడ్డుకి పోయి, ఇసుకలో కూచుని, గాలి అటునుంచి ఇటు వీస్తున్నప్పుడు వినాలనుకున్నాడు. పొద్దుట్నించీ జేబు మీద చెయ్యి వేసుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకి పోయాడు. అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన.

కావి పంచె నడుం దాకా తడిసి కాళ్లకి అంటుకుపోయింది. ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో ఫోను. రెండిట్నీ ఒకేలా పట్టుకున్నాడు, జారితే పగిలిపోతాయన్నట్టు.

"ఉస్తాద్ ఉండాడా నాయనా?"

ఆ గొంతుకి పెంచల్ ఉలిక్కిపడ్డాడు. ఎండిన తాటాకు మీద ఇంకో తాటాకు రాసినట్టుంది.

"నమాజుకి పోయుండాడు. నాకియ్యి పెద్దాయనా, నేను చూస్తా."

"ఆయన చేతికే ఇయ్యమన్నారు చెరువుకాడ."

పెంచల్‌కి చురుక్కుమంది. "రెండ్రోజుల్లో పదకొండు లేపినోణ్ణి నేను. కావాలంటే అడుగు ఆయన్ని."

"ఇయ్యి సామీ ఇయ్యి!" అరిచాడు సుధాకరన్న టీ వడకడుతూనే. "మా చిన్న ఉస్తాద్ చెయ్యి పడితే రుబ్బురోలు కూడా రింగవుద్ది!"

పెద్దాయన నవ్వబోయాడు. దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక బల్ల మీద కూచుని నెమ్మదిగా చెప్పాడు. ఆయన పేరు మాలకొండయ్య. కలిగిరి దగ్గర పల్లె. యాభై ఏళ్లుగా తత్వాలు పాడుతుండాడు. పెద్దలు పాడినవి కాదు, ఆయన కట్టినవే. రాత రాదు. అంతా గొంతులోనే ఉంది. ఆ గొంతులో పుండు లేచింది. సోమవారం తిరుపతిలో ఆపరేషన్.

"మాటపెట్టె తీసేస్తారంట" అన్నాడు. "తీసేస్తే మనిషి బతుకుతాడంట. పాట ఉండదంట."

పెంచల్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"మా మనవరాలు ఈ ఫోను కొనిచ్చి, తాతా, ఇది నొక్కి పాడు, ఇందులో ఉంటాయి అనింది. రెండు నెలలు పాడినా. రోజుకొకటి, గొంతు బాగుంటే రెండు. డెబ్బై మూడుండాయి. అంతా ఇందులోనే." ఫోన్ని బల్ల మీద పెట్టాడు. "ఆరోగ్యం రొట్టె తీసుకుందామని వంగినా నాయనా. జేబులోంచి జారింది."

పెంచల్ ఫోన్లో మెమరీ కార్డు ఉందేమోనని చూశాడు. లేదు. ఇంకెక్కడైనా దాచారా అని అడిగాడు. అట్టాంటివి తెలీవన్నాడు పెద్దాయన.

ఫోన్ని తువ్వాలుతో తుడిచాడు. అద్దం కింద నీటిబొట్టు ఒకటి ఇటు నుంచి అటు పాకుతోంది.

ఉస్తాద్ వచ్చేదాకా ఆగాల్సింది. ఆగాలని వాడికీ తెలుసు. కానీ ఎదురుగా ఆ కళ్లు. ఆ కళ్లలోకి ఇప్పుడే, ఈ క్షణమే వెలుగు తెప్పించాలనిపించింది వాడికి. డెబ్బై మూడు పాటలు వీధంతా మోగినట్టు, పెద్దాయన వాణ్ణి కావిలించుకున్నట్టు, సుభాషిణి జిరాక్స్ కొట్లోంచి బయటికొచ్చి చూసినట్టు ఒక్క రెప్పపాటులో అంతా కనిపించింది.

వేలు నొక్కింది.

అద్దం మీద నీలంగా ఒక గీత మెరిసింది. ఫోను అరచేతిలో సర్రున కాలింది. వెంట్రుక కాలిన కంపు కొట్టింది. గీత సన్నబడింది. అంతా నల్లగా అయిపోయింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఏమైంది నాయనా?"

పెంచల్ నోట్లోంచి వాడు అనుకోని మాట ఒకటి ఊడిపడింది.

"నీళ్లు లోపలిదాకా పోయినాయి పెద్దాయనా. నువ్వు తెచ్చేటప్పటికే అయిపోయింది."

మాలకొండయ్య ఫోను వంక చూశాడు. రొట్టె వంక చూశాడు. ఏడుస్తాడనుకున్నాడు పెంచల్. తిడతాడనుకున్నాడు. ఆయన రెండూ చెయ్యలేదు.

"నీళ్లనెందుకు అనాలి నాయనా" అన్నాడు. "చూసుకోకుండా వంగింది నేను."

లేచాడు. "ఉస్తాద్‌కి ఒకపాలి చూపించు. చెరువు గట్టున మూడో పందిట్లో ఉంటా." పోతూ పోతూ వాడి భుజం తట్టాడు. "నువ్వేం మనసులో పెట్టుకోమాక. నీ పని నువ్వు చేసినావు."

ఆ తట్టడం పిడిగుద్దులా తగిలింది పెంచల్‌కి.

ఉస్తాద్ వచ్చాడు. టోపీ తీసి మేకుకి తగిలించాడు. దీపం కిందున్న ఫోను వంక చూశాడు.

"దారిలో కనిపించాడు పెద్దాయన" అన్నాడు. "డెబ్బై మూడంట."

"తెచ్చేటప్పటికే పోయింది ఉస్తాద్."

ఉస్తాద్ ఫోన్ని విప్పాడు. లోపలున్న బోర్డు తీసి, దాన్ని కంటి దగ్గర పెట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని ఒకసారి ఆ కాలిన వాసన పీల్చి, దాన్ని తెల్లగుడ్డ మీద పరుండబెట్టాడు.

"నీ ఫోను ఇట్టివ్వు" అన్నాడు.

టార్చి కోసమేమో అనుకుని ఇచ్చాడు పెంచల్.

ఉస్తాద్ దాన్ని ముందు ఆఫ్ చేశాడు. తర్వాత పక్కనే ఉన్న మంచినీళ్ల బిందె మూత తీశాడు. చెరువులో ఒకరి చేతిలో రొట్టె పెట్టినంత నెమ్మదిగా ఆ ఫోన్ని నీళ్లలోకి వదిలాడు.

బుడుంగుమంది.

పెంచల్‌కి ముందు ఏమీ అర్థం కాలేదు. ఉస్తాద్‌కి మతి పోయిందనుకున్నాడు. బిందెలోకి చూశాడు. అడుగున తన ఫోను పడుకునుంది, పైన చిన్న చిన్న బుడగలు. ఒక్కో బుడగా పైకొచ్చి చిట్లుతుంటే ఒక్కో సెకండు పోతున్నట్టే ఉంది. ముప్పై నాలుగు సెకండ్లు.

"ఉస్తాద్!" అని కేక పెట్టాడు. ఆ కేకకి సుధాకరన్న టీ గ్లాసు వదిలేశాడు. "అందులో సుభాషిణి మాటుంది ఉస్తాద్! ఇంకా వినలేదు! ఏమని చెప్పిందో కూడా తెలీదు నాకు!"

భుజం దాకా చెయ్యి ముంచి ఫోన్ని బయటికి తీశాడు. మోచేతి నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అది పోతే ఆ పిల్ల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోతాడు? నువ్వు చెప్పింది వినలేదు, మళ్లీ చెప్పమని అడుగుతాడా?

ఉస్తాద్ బల్ల మీద చోటు చేశాడు.

"పెట్టు ఇక్కడ."

పెట్టాడు.

"బతికుందో లేదో చూడు. నొక్కు."

పెంచల్ బొటనవేలు మీట దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. వాడు ఆపలేదు, అదే ఆగింది. వేలికీ మీటకీ మధ్య వెంట్రుకవాసి జాగా.

"నొక్కరా. ఒక్కసారి చూస్తే ఏం పోతుంది?"

అది వాడి మాటే. రెండేళ్లుగా వాడు మనసులో అనుకుంటున్న మాటే. పైకి ఎప్పుడూ అనలేదు. ఇప్పుడది ఉస్తాద్ నోట్లోంచి వచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను నొక్కా ఉస్తాద్. పెద్దాయన ఫోను. నీళ్లు కాదు. నేనే. మూడుసార్లు నొక్కా."

"ఎవరిదిరా ఆ ఫోను?"

"మాలకొండయ్య గారిది."

"మరి నాకెందుకు చెప్తుండావు?"

చెరువు గట్టు అక్కణ్ణించి నిండా అరమైలు కూడా ఉండదు. ఆ అరమైలు నడవడానికి పెంచల్‌కి ఒక జన్మ పట్టింది. జనం తోసుకుంటున్నారు. సాంబ్రాణి పొగ, మల్లెపూలు, తడిమట్టి. "చదువు రొట్టె! సంతానం రొట్టె!" ఎవరో ఆడమనిషి వాడి చేతిలో రొట్టె పెట్టబోయింది. వద్దమ్మా అని చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మూడో పందిట్లో ఈతచాప మీద కూచునున్నాడు మాలకొండయ్య. పక్కన తంబుర. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది, తినలేదు.

పెంచల్ ఎదురుగా నిలబడ్డాడు. చెప్పడానికి దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. చివరికి వచ్చింది ఇదొక్కటే.

"పెద్దాయనా, నీ ఫోన్ని నీళ్లు చంపలా. నేను చంపినా. ఆగకుండా నొక్కినా. నీకు అబద్ధం చెప్పినా."

పందిరి గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. మాలకొండయ్య మొహంలో రంగు దిగిపోవడం పెంచల్ కళ్లారా చూశాడు. కొట్లో రాని ఏడుపు ఆయనకి ఇప్పుడొచ్చింది. ఏడుపులో కూడా గొంతు లేదు. భుజాలొక్కటే కదిలాయి.

పెంచల్‌కి చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఏడుపు ఆగాక ఆయన అడిగాడు. "ఏ వేలు?"

బొటనవేలు చాపాడు పెంచల్. కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

ఆయన రొట్టెని రెండుగా తుంచాడు. ఒక సగం ఆ చేతిలో పెట్టాడు.

"తిను."

"పెద్దాయనా, ఇది నీ ఆరోగ్యం రొట్టె..."

"ఒక్కణ్ణే తినలేకుండా కూచున్నా ఇందాకట్నించీ. గొంతు దిగదు." మిగిలిన సగం చూపించాడు. "నీ వంతు నువ్వు తిను. నేను బతికితే వచ్చేయేడు రొట్టె ఇద్దరం కలిసి ఇయ్యాలి, నువ్వు సగం, నేను సగం. నేను లేకపోతే మొత్తం నువ్వే తే."

పెంచల్ తిన్నాడు. కన్నీళ్లు కలిసి రొట్టె ఉప్పగా ఉంది.

తిరిగొచ్చేసరికి ఉస్తాద్ బల్ల మీద రెండు తెల్లగుడ్డలు పరిచి ఉంచాడు. ఒకదాని మీద పెద్దాయన ఫోను, ఇంకోదాని మీద పెంచల్‌ది.

"ఏది ముందు?" అన్నాడు.

పెంచల్ తన ఫోను వంక చూడలేదు. పెద్దాయన బోర్డుని చేతిలోకి తీసుకున్నాడు. స్పిరిట్‌లో ముంచి, మెత్తటి పళ్ల బ్రష్షుతో, పసిపాపకి తలంటినట్టు రుద్దాడు. చెరువు నీళ్ల తెల్లటి పొర కొంచెం కొంచెంగా వదిలింది. కాలిన చోటు భూతద్దంలో కనిపించింది. నూకగింజలో సగం కూడా లేని నల్లటి ముక్క. వేడిగాలి పెట్టి దాన్ని తీసేశాడు. కొత్తది వేశాడు. మళ్లీ కడిగాడు. బల్బు కింద పెట్టాడు.

అప్పుడు తన ఫోను విప్పాడు.

శుక్రవారం గడిచింది. ఎన్ని ఫోన్లు వచ్చాయో! పెంచల్ దేన్నీ నొక్కలేదు. జనం తొందర పెడితే "ఆరాలమ్మా, ఆరాలి" అన్నాడు. "ఏందిరా చిన్న ఉస్తాద్, చెయ్యి మొద్దుబారిందా?" అన్నాడు సుధాకరన్న. పెంచల్ నవ్వలేదు, ఉడుక్కోలేదు. జిరాక్స్ కొట్టు వైపు పోవాల్సొస్తే సందుల్లోంచి చుట్టూ తిరిగి పోయాడు.

శనివారం గడిచింది. వాడు గంటకోసారి బల్బు కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. బోర్డు మరీ వేడెక్కకూడదు, చల్లారకూడదు. అన్నం తింటూ లేచొచ్చి చూశాడు. ఉస్తాద్ చూసీ చూడనట్టు జపమాల తిప్పుకుంటూ కూచున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మాలకొండయ్య మూట కట్టుకుని వచ్చాడు. సాయంత్రం తిరుపతి బస్సు. తంబుర గోడకి ఆనించి, ఆయన కూడా గోడకి ఆనుకుని కూచున్నాడు. టీ కొట్లో బేరం ఆగింది. సుధాకరన్న గుమ్మంలో నిలబడ్డాడు.

పెంచల్ ఫోన్ని బిగించి, పక్కన కంప్యూటరుకి వైరు కలిపి, పెద్దాయన ముందుకి జరిపాడు.

"నువ్వు నొక్కు పెద్దాయనా."

మాలకొండయ్య తల అడ్డంగా ఊపాడు. పెంచల్ చెయ్యి పట్టుకుని, ఆ బొటనవేలే పట్టుకుని, మీట మీద పెట్టాడు.

"ఇప్పుడు నొక్కు."

ఏమీ కాలేదు. మూడు సెకండ్లు. ఐదు సెకండ్లు.

అద్దం తెల్లగా వెలిగింది.

పెంచల్ మొదటి పాట తెరిచాడు. కొట్టు కొట్టంతా నిండిపోయింది. అది ఎండుతాటాకు కాదు. నిండుకుండ లాంటి గొంతు, పొలం గట్టు మీద నిలబడి పిలిస్తే పక్కూరికి వినపడే గొంతు. అది ఈయనదంటే నమ్మబుద్ధి కాలేదు వాడికి. మాలకొండయ్య కూడా అట్టాగే విన్నాడు. ఎప్పుడో ఊరొదిలి పోయిన అన్న గొంతు విన్నట్టు నోరు తెరుచుకుని విన్నాడు.

"పాట ఆపు. ముందు దించు" అన్నాడు ఉస్తాద్.

ఒక్కొక్కటే కంప్యూటర్లోకి దిగడం మొదలైంది. పది. ఇరవై. ముప్పై. సుధాకరన్న పైకే లెక్కపెడుతున్నాడు. ముప్పై ఎనిమిది. నలభై.

నలభై ఒకటి దిగాక అద్దం ఒక్కసారి వణికింది. నల్లబడింది.

పెంచల్ వేలు లేచింది. అలవాటు కొద్దీ మీట దాకా పోయింది. వాడు ఇంకో చేత్తో ఆ వేలిని గట్టిగా పట్టేసుకున్నాడు. అట్టాగే పట్టుకుని ఉస్తాద్ వంక చూశాడు. ఉస్తాద్ ఫోను విప్పి, బోర్డు తాకి, వాసన చూసి, మెల్లగా కింద పెట్టేశాడు. ఇంక లేవదని ఆయన నోటితో చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నొచ్చినాయి నాయనా?"

"నలభై ఒకటి, పెద్దాయనా." పెంచల్ తల పైకెత్తలేకపోయాడు. "ముప్పై రెండు పోయినాయి."

"యాడికి పోతాయి?" అన్నాడు మాలకొండయ్య. గొంతు తడుముకున్నాడు. "రేపటి దాకా ఇక్కడ ఉండాయిగా."

తంబుర అందుకున్నాడు.

ఉస్తాద్ తన జేబులోంచి తన ఫోను తీసి, పాట పట్టేది తెరిచి, పెంచల్ చేతిలో పెట్టాడు. పెంచల్ దాన్ని పెద్దాయన నోటికి జానెడు దూరంలో పట్టుకుని నేల మీద కూచున్నాడు.

మాలకొండయ్య పాడాడు. గొంతు చిరిగింది. మధ్యలో ఆగింది. దగ్గాడు, నీళ్లు తాగాడు, వదిలిన చోట అందుకున్నాడు. కొన్ని చోట్ల పాట లేదు, గాలి ఒక్కటే ఉంది. ఆ గాలిని కూడా వదలకుండా పట్టాడు పెంచల్. ఒకటి అయింది. రెండు అయ్యాయి. రోడ్డు మీద పోయే జనం ఒక్కొక్కరే ఆగి నిలబడ్డారు. నాలుగు అయ్యాయి. వాడి చెయ్యి తిమ్మిరెక్కింది. ఫోను కదిలితే పాట కదులుతుందని మోచేతిని మోకాలికి ఆనించుకున్నాడు.

ఆరో పాటకీ ఏడో పాటకీ మధ్య పెద్దాయన ఊపిరి తీసుకుంటున్నప్పుడు, ఉస్తాద్ బల్ల మీదున్న రెండో తెల్లగుడ్డ మడత విప్పాడు. పెంచల్ ఫోన్ని బిగించి తెచ్చి, వాడి పక్కన నేల మీద పెట్టాడు.

"నీది ఆరింది బేటా" అన్నాడు. "చూసుకో."

పెంచల్ ఫోను వంక చూశాడు. ముప్పై నాలుగు సెకండ్లు. మీట వాడి బొటనవేలికి బెత్తెడు దూరంలో ఉంది.

మాలకొండయ్య తంబుర సవరించుకుని ఏడో పాటకి నోరు తెరిచాడు.

"ఇంకా ఆరనీండి ఉస్తాద్" అన్నాడు పెంచల్, చెయ్యి కదపకుండా.